మధ్యలో ఒక ఫోను

సూర్యాపేటలో నేను కిరాయికున్న గది ఒక ఎరువుల దుకాణం మీద ఉండేది. గదిలో నేను, ఒక కంప్యూటరు, ఒక టేబుల్ ఫ్యాను, ఒక ల్యాండ్‌లైన్ ఫోను. పొద్దున లేచినప్పటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఆరు దాటాక ఫోను మోగేది. ముందు మిర్యాలగూడ, తర్వాత కోదాడ. రెండూ కలిపి అరగంట. మిగతా రోజంతా ఆ అరగంట కోసమే గడుపుతున్నానని అప్పట్లో ఎవరైనా అంటే కోపమొచ్చేది.

ఆ ఫోను ఎలా వచ్చిందో, దాన్ని నా చేత్తో నేనే ఎలా తీసేయాల్సి వచ్చిందో చెబుతాను. చెబితే సాఫ్ట్‌వేర్ కబుర్లు కొన్ని తప్పవు. భయపడే పనేం లేదు. వాటిలో వడ్ల బస్తాకన్నా బరువైనదేదీ లేదు.

రెండు వేల ఒకటిలో హైదరాబాదులో నా ఉద్యోగం పోయింది. నా ఒక్కదానిదే కాదు, మా అంతస్తు మొత్తం ఖాళీ అయింది. పెట్టె సర్దుకుని చివ్వెంల దగ్గర మా ఊరికి వచ్చాను. మాది గొర్రెలు పెంచే ఇల్లు. కంపెనీ మూతపడిందని చెబితే నాన్న గొర్రె గిట్టలో ముల్లు తీస్తూ, తల కూడా ఎత్తకుండా, "పోతే పోయింది తియ్ బిడ్డా. గొర్లయితే ఎక్కడికి పోతలేవు గద" అన్నాడు. ఓదార్పు అంతే. ఊళ్లో ఉంటే వచ్చినవాళ్లకల్లా పెళ్లెప్పుడని జవాబు చెప్పాలి. అందుకని బస్సులో అరగంట దూరమున్న సూర్యాపేటలో గది తీసుకున్నాను. కొన్నాళ్లు కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పాను. ఒక్కదాన్నే ఉండే ఆడమనిషికి గది ఇవ్వడానికి ఇంటాయన చాలా ఆలోచించాడు. ఇచ్చాక ఇక నా గురించి ఎవరూ ఏమీ ఆలోచించలేదు. అదే నాకు కావాలనుకున్నాను. కావలసింది దొరికాక తెలిసింది, అది ఎంత పెద్దగా ఉంటుందో.

మూడేళ్ల తర్వాత ఒక వడ్ల సేటు మనిషిని పంపి పిలిపించాడు. ఆయన సూర్యాపేటలో వడ్లు కొంటాడు, మిర్యాలగూడలో సొంత మిల్లులో ఆడిస్తాడు, కోదాడ గోదాం నుంచి బియ్యం అమ్ముతాడు. మూడు ఊళ్లు, ఒకే సరుకు. గద్దె మీద కూర్చుని, చేతిలో సెల్‌ఫోను అటూ ఇటూ తిప్పుతూ తన బాధ చెప్పాడు.

"మిర్యాలగూడల ఎంత ఆడిందో కోదాడకు తెల్వది. కోదాడల ఎంత అమ్మిన్రో ఈడ తెల్వది. అందరు నన్నే అడుగుతరు. మరి నేనెవర్నడగాలమ్మా?"

నేను కాగితం మీద రెండు బొమ్మలు గీశాను. మొదటిదాంట్లో సూర్యాపేటలో పెద్ద యంత్రం ఒకటి, మూడు ఊళ్లూ ఎప్పుడూ దానికే కట్టేసి ఉంటాయి. ఎవరు ఏ బస్తా కదిపినా ఆ క్షణమే అందరికీ కనిపిస్తుంది. అందం దానిదే, ఖర్చూ దానిదే. పైగా ఆ రోజుల్లో రోడ్డు తవ్వితే ఫోను తీగ తెగేది, మబ్బు పడితే కరెంటు పోయేది. రెండోదాంట్లో ఏ ఊరి కంప్యూటరు ఆ ఊరిదే. పగలంతా ఎవరి లెక్క వారు రాసుకుంటారు, సాయంత్రం ఫోను లైను మీద నా గదికి పంపుతారు, నేను కలిపి పొద్దునకల్లా తిరిగి ఇస్తాను. ఒక పూట ఆలస్యం, కానీ చవక.

సేటు రెండు బొమ్మలూ చాలాసేపు చూశాడు.

"జర తక్కువల అయ్యేదే చెయ్యమ్మా. కానీ రేపు నేను ఇంకో కాంటా పెడితే మల్ల మొదటికి రావొద్దు."

నా వృత్తి వాళ్లు రాసిన లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. అన్నీ ఈ ఒక్క మాటనే తిప్పి తిప్పి చెబుతాయి. ఇప్పుడు తక్కువలో కావాలి, రేపు పెరిగితే తట్టుకోవాలి. ఆ రెంటికీ ఎప్పుడూ పడదు. మధ్యవర్తిగా కూర్చునేవాడికే జీతం.

నేను రెండోదే ఖాయం చేశాను. మా నాన్న మందనంతా ఒకే దొడ్డిలో ఎన్నడూ పెట్టడు. రోగమొస్తే అన్నీ పోతాయని రెండు దొడ్లు కట్టుకున్నాడు. ఆయన కూతురిగా నాకూ అదే న్యాయంగా తోచింది.

అయితే ఫోను లైను మీద పంపే లెక్కలు దారిలో సగం రాలిపోయేవి. అందుకని ఒక నియమం పెట్టాను. పంపడం అయ్యాక అక్కడివాళ్లు నాకు ఫోను చేసి రోజు మొత్తాలు చదవాలి. వడ్లు ఇన్ని, బియ్యం ఇన్ని, నూక, తౌడు. నా దగ్గర వచ్చినవాటితో నేను సరిచూసుకోవాలి. ఇది తాత్కాలికమేనని సేటుకు చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. తాత్కాలికమన్న పని మా వృత్తిలో ఎప్పుడూ దీర్ఘాయుష్షుతో పుడుతుంది.

మిర్యాలగూడ నుంచి చదివేది మిల్లు గుమాస్తా. పెద్దవయసు మనిషి, నేను కాకా అని పిలిచేదాన్ని. ఆయన అంకెలు చదివితే ఊళ్లో దండోరా వేసినట్టుండేది. వెనకాల మిల్లు చప్పుడు. అందులోంచి గొంతు పైకి లేపి చదివీ చదివీ చివర "గంతే బిడ్డా" అనేవాడు. అని ఫోను పెట్టేవాడు కాదు. కాల్వకు నీళ్లు ఇడిసిన్రట అనేవాడు. నా ముసల్దానికి మోకాళ్లు పట్టినయి, దవాఖానకు తోల్కపోవాలె అనేవాడు. నేను ఊఁ కొట్టేదాన్ని. ఒకసారి నాకు జ్వరమొచ్చి గొంతు బొంగురుపోతే, అంకెలు చదవడం ఆపి, "గొంతేంది గిట్లుంది? మిరియాల కషాయం తాగినవా?" అని గద్దించాడు. ఫోను పెట్టాక చాలాసేపు నాకు ఏడుపు వచ్చింది. జ్వరం వల్లేమో అనుకున్నాను. జ్వరం వల్ల కాదు.

కోదాడ గోదాంలో కంప్యూటరు దగ్గర కూర్చునేది ఒక పాతికేళ్ల ఆవిడ. కోదాడ దాటితే ఆంధ్రా, ఆవిడ మాట అప్పటికే సగం ఏరు దాటి ఉండేది. అంకెలు గబగబా చదివేసి, "అయిపోయిందండి మేడం గారూ. ఇంతకీ ఇవాళ ఏం కూర?" అనేది. నేను అప్పటికి ఏమీ వండేదాన్ని కాదు. పచ్చడి మెతుకులు, లేదంటే కింద బండి దగ్గర రెండు ఇడ్లీలు. ఏం కూర అంటే నోటికొచ్చింది చెప్పేదాన్ని, బీరకాయ అనో సొరకాయ అనో. ఆవిడ అంతటితో వదిలేది కాదు. బీరకాయలో పాలు పోశారా, నువ్వుల పొడి వేశారా అని నిలదీసేది. రోజూ అబద్ధాలు పేర్చడం కష్టమై నిజంగానే వండుకోవడం మొదలుపెట్టాను. అలా నాకు ముప్ఫై దాటాక వంట వచ్చింది. మార్కెట్లో కూరగాయలు కొంటుంటే, ఆవిడకు ఏం చెప్పాలా అని చూసి కొనేదాన్ని.

ఆవిడని ఒకే ఒక్కసారి చూశాను, సేటు ఇంట్లో పెళ్లిలో. ఎవరో పరిచయం చేశారు. ఇద్దరం "మీరేనా!" అన్నాం, నవ్వుకున్నాం. పక్కపక్కన కూర్చుని భోంచేశాం. అంతే. రోజూ పావుగంట మాట్లాడుకునేవాళ్లం ఆ పూట పులిహోర బాగుందని తప్ప ఏమీ అనుకోలేకపోయాం. లెక్క చదవకుండా మాట ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. మర్నాడు ఆరింటికి ఫోను చేసి, అంకెలన్నీ చదివేసి, "నిన్న మీ చీర రంగు భలే ఉందండి" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇలా ఏళ్లు గడిచాయి. వారానికోసారి ఊరికి వెళ్లేదాన్ని. అక్కడ మాటలకు కొదవ లేదు, కానీ నా పని గురించి ఒక్క మాట అడిగేవాళ్లు లేరు. సూర్యాపేటలో నాలాంటి పని చేసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమోనని చాలా వెతికాను. టైపు చేసేవాళ్లు ఉన్నారు, బాగుచేసేవాళ్లు ఉన్నారు. ఒక బొమ్మ గీసి, ఇది ఇలా ఎందుకు పెట్టానో తెలుసా అని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. నా తెలివి నాకే వినిపించుకుంటూ బతికాను.

ఈలోగా సేటు పెరిగాడు. త్రిపురారంలో ఒక కాంటా పెట్టాడు, చివ్వెంల వైపు ఒకటి, ఇంకా చుట్టుపక్కల కొన్ని. కాంటా అంటే పొలాల దగ్గరే వడ్లు తూచి కొనే చోటు, ఒక రేకుల షెడ్డు, ఒక తూకం యంత్రం, ఒక కంప్యూటరు. కోదాడ, మిర్యాలగూడ కలిపి మొత్తం ఏడు చోట్లయ్యాయి. బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఇప్పుడిక సాయంత్రం దాకా ఆగడం దేనికని సేటు తొందరపెట్టాడు. సరేనని ప్రతి తూకమూ ఎప్పటికప్పుడు నా గదిలో యంత్రానికి వచ్చేట్టు మార్చాను. యంత్రం అదే మామూలు కంప్యూటరు. పక్కన ఇన్వర్టరు పెట్టించాను. సంవత్సరం మొత్తం తూకాలు తీసుకుని, పని జరిగిన రోజులకు పంచి, రోజుకు ఇన్ని కదా, దీనికి ఈ యంత్రం చాలు, ఇంకా ఎక్కువే అని తేల్చాను. చవకలో తేల్చినందుకు గర్వంగా కూడా ఉండేది. సాయంత్రం ఫోను మాత్రం ఉంచాను. దారిలో రాలిపోయేవి ఇంకా ఉన్నాయి కదా అని సేటుకు చెప్పాను. అది నిజమే. ఆ సంగతి చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం ఆత్రం కూడా ఉండి ఉంటుంది.

నేను చూడనిది నా గోడ మీదే వేలాడుతూ ఉంది. సేటు ప్రతి ఏడూ తన దుకాణం పేరుతో పంచాంగం కేలండర్లు అచ్చు వేయించి ఇచ్చేవాడు. మిల్లుకొకటి, గోదాంకొకటి, ప్రతి కాంటాకూ ఒకటి, నాకొకటి. నేను నాదాని మీద పాలపాకెట్ల లెక్కకు గీతలు గీసుకునేదాన్ని. వాళ్లు దాన్ని చూసి వ్యాపారం చేసేవారు. అమావాస్యనాడు వాళ్లు కాంటా ఎత్తరు. ఆ రోజు తూకం లేదు, కొనడం లేదు, డబ్బు చేతులు మారదు. అది నాకు తెలుసు. మా ఇంట్లోనైతే అమావాస్య అని గొర్రెలు మేత మానవు కాబట్టి, నేను దాన్ని వాళ్ల ఆదివారం అనుకున్నాను. సెలవంటే ఆ రోజు పని లేదనుకున్నాను. పని లేకుండా పోదని, గుమ్మం దగ్గర నిలబడి ఉంటుందని అనుకోలేదు.

ఒక కార్తీకంలో, కోతలు ముమ్మరంగా ఉండగా, అమావాస్య వచ్చింది. కోత మిషన్లకు అమావాస్య పట్టింపు లేదు. వడ్లు వస్తూనే ఉన్నాయి, ట్రాక్టర్లు కాంటాల ముందు ఆగుతూనే ఉన్నాయి. మర్నాడు పొద్దున ఇంకా వర్జ్యం ఉంది. వర్జ్యంలో మొదటి బస్తా తూచరు. ఏడు చోట్లా ఏడుగురు, ఒకే కేలండరు చూసుకుని, కొబ్బరికాయలు పట్టుకుని నిలబడ్డారు. వర్జ్యం పోయిన నిమిషాన ఏడు కాయలూ ఒకేసారి పగిలాయి. ఏడు కాంటాలూ ఒకేసారి లేచాయి.

నా గదిలో యంత్రం ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి బిగుసుకుపోయింది. తెర మీద బాణం గుర్తు కదలడం లేదు. జవాబు రాకపోతే మళ్లీ పంపమని కాంటాల కంప్యూటర్లకు నేనే రాసిపెట్టాను. అవి బుద్ధిగా మళ్లీ పంపాయి, మళ్లీ పంపాయి. ఎండాకాలం దాహంతో ఉన్న మందను ఒక్కసారి తొట్టి మీదికి వదిలితే ఒక్క గొర్రె కూడా సరిగ్గా తాగదు, తొట్టే తిరగబడుతుంది. నాన్న నా చిన్నప్పుడు ఆ సంగతి చూపించాడు. నాకు అప్పుడు గుర్తు రాలేదు. ఫోను మోగడం మొదలైంది. ఒకరితో మాట్లాడుతుంటే మిగతా ఆరుగురికీ ఎంగేజ్. అక్కడ తూకం చీటీ బయటికి రాదు, చీటీ రానిదే బండి కదలదు, బండి కదలనిదే వెనక బండి ముందుకు రాదు. మధ్యాహ్నానికి త్రిపురారం వైపు మబ్బు పట్టి తుంపర పడింది. వడ్ల మీద పట్టాలు కప్పారు, కప్పినా కొంత తడిసింది.

సాయంత్రం సేటు నా గదికి వచ్చాడు. అన్నేళ్లలో ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. తడిసిన వడ్లకు తడవకముందున్న తేమ లెక్కనే ధర కట్టివ్వమని కాంటాలకు చెప్పి వచ్చానన్నాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నిలబడే నా యంత్రాన్ని చూశాడు.

"గింతేనా? గింత డబ్బ మీదనా నా ఏడు కాంటాలు నడుస్తున్నయి?"

"తక్కువల అయ్యేది చెయ్యమన్నది మీరే సేటూ."

"అన్న. మొదటికి రావొద్దని గూడ అన్న." కుర్చీలో కూర్చుని కండువాతో మెడ తుడుచుకున్నాడు. కోపం లేదు, అలసట ఉంది. "సూడమ్మా, ముందు యాసంగికి పదిహేను కాంటాలైతయి. నీతోని అయితదా, కాదా? కాకుంటే చెప్పు, హైదరాబాద్ కంపెనోల్లు నా సుట్టు తిరుగుతున్నరు. నాకు నువ్వయితేనే నిమ్మళం. కానీ ఇయ్యాల్టి లెక్క ఇంకోసారి కావొద్దు."

అయితది అన్నాను. ఎలాగో తెలియకుండానే అన్నాను. కంపెనీవాళ్లు వస్తే మిర్యాలగూడా పోతుంది, కోదాడా పోతుంది. నాకు కనపడిందల్లా అదే.

ఆ చలికాలమంతా బొమ్మలు గీశాను. దారులు మూడే. ఒకటి, చాలా పెద్ద యంత్రం కొనడం. అమావాస్య మర్నాటికి అది సరిపోతుంది, మిగతా ఏడాదంతా గదిలో కూర్చుని కరెంటు తింటుంది. పెళ్లికి వండే గుండిగ కొని రోజూ అందులో ఒక్కదానికి అన్నం వండుకున్నట్టు. రెండోది, ఉన్నదే ఉంచి, ఒకరిద్దరిని జీతానికి పెట్టి, ఫోన్ల మీద నడిపించడం. చవకే. పదిహేను కాంటాలకు నలుగురు, ముప్ఫై అయితే ఎనిమిది మంది. కాంటా పెరిగినప్పుడల్లా మనుషులు పెరగాలి. మూడోది అప్పుడప్పుడే వింటున్నది, యంత్రాన్ని కొనకుండా ఇంటర్నెట్ మీద కిరాయికి తీసుకోవడం. ఎక్కడో ఉంటుంది. రద్దీ రోజు నాలుగు తీసుకోవచ్చు, తగ్గగానే మూడు వదిలేయవచ్చు. వాడినంత సేపటికే కిరాయి.

ఎవరినైనా అడుగుదామని ఇంటర్నెట్‌లో, ఇలాంటి పనివాళ్లు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే ఒక చోట, నా గోడు ఇంగ్లీషులో రాశాను. నెలకోసారి, అమావాస్య మర్నాడు, ఒకే నిమిషంలో అందరూ మొదలుపెడతారు, ఏం చేయాలి అని. ఏ దేశంవాడో తెలియదు, పాపం మంచివాడే, మీది చేపల రేవా, ఆటుపోట్లను బట్టి పడవలు వస్తాయా అని అడిగాడు. నేను గదిలో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఈ నవ్వు ఆరింటికి కోదాడ ఆవిడకు చెప్పాలని దాచిపెట్టుకున్నాను. చెబితే ఆవిడా నవ్వింది, "మరి రొయ్యలున్నాయని చెప్పలేకపోయారా?" అంది.

కిరాయి యంత్రాలే సరైనవని నెల రోజుల్లో తేలిపోయింది. తూకం చీటీ కాంటా దగ్గరే బయటికి రావాలి, పైనుంచి జవాబు కోసం బండి ఆగకూడదు. లెక్కలు వరసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి పైకి వెళ్లాలి. ఏదైనా దారిలో రాలితే యంత్రమే కనిపెట్టి మళ్లీ అడగాలి, ఒకసారికి రెండుసార్లు వచ్చినా ఒక్కసారే రాసుకోవాలి. సేటు కేలండరు ముందు పెట్టుకుని ఏడాది మొత్తం అమావాస్యలు, వర్జ్యాలు టైపు చేశాను. ఏ దేశంలో ఉందో తెలియని యంత్రం మన పంచాంగం చూసుకుని, వర్జ్యం పోయేలోపు పక్కన ఇంకో మూడింటిని లేపి కూర్చోబెడుతుంది. ఇది నేను చేసినవాటిలోకెల్లా మంచి పని. ఇప్పటికీ అంటాను.

రాలినవాటిని యంత్రమే కనిపెడుతుంది. ఆ ముక్క రాసినరోజు పెన్ను కింద పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. యంత్రమే కనిపెడితే ఇక సరిచూసుకునేదేముంది? ఆరింటికి ఎవరు ఎందుకు ఫోను చేస్తారు? ఈ పని సరిగ్గా చేయకపోతే కంపెనీవాళ్లు తీసుకుంటారు, ఫోను పోతుంది. సరిగ్గా చేస్తే అక్కర్లేకుండా పోతుంది. ఇటు పడ్డా అటు పడ్డా పోయేది నా అరగంటే.

అప్పుడు నేను బొమ్మలో ఒక డబ్బా గీశాను. కాంటాల నుంచి వచ్చే గీతలన్నీ పైకి పోయేముందు మధ్యలో ఆ డబ్బా. దానిలో "ఫోను చేసి ఖరారు" అని రాశాను. అందంగా, మిగతా డబ్బాలతో సమానంగా గీశాను. చూసేవాళ్లకు అది కూడా అవసరమైనదే అనిపిస్తుంది. రెండు రోజులు ఆ కాగితాన్ని గోడకు అంటించి చూసుకున్నాను. దాని కోసం కారణాలు కూడా తయారుచేసుకున్నాను.

సేటు బొమ్మను గద్దె మీద పరిచి, వేలితో ఒక్కో గీత వెంట నడిచాడు. ఆయన బొమ్మలు చదవడం నాకన్నా బాగా నేర్చుకున్నాడు. వేలు డబ్బా దగ్గర ఆగింది.

"గిదేందమ్మా?"

"సాయంత్రం ఫోను సేటూ. ఇప్పుడు చేస్తున్నట్టే."

"పదిహేను మంది జేస్తరా?"

"చేస్తారు."

"గిది లేకుంటే నడువదా?"

కారణాలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒకటి రెండు గట్టివే. చెబితే ఆయన నమ్మేవాడు, అన్నేళ్ల నమ్మకం. కానీ ఆయన వేలు ఇంకా ఆ డబ్బా మీదే ఉంది. ఆ వేలి కింద ఉన్నది మిల్లుకు సంబంధించింది కాదు, నాకు సంబంధించింది.

"నడుస్తది" అన్నాను.

"మరి తీసెయ్యి. ఊకె ఖర్చు."

పెన్ను నా చేతికే ఇచ్చాడు. డబ్బా మీద అడ్డంగా గీత కొట్టాను. ఆయన అప్పటికే తర్వాతి గీత మీదికి వెళ్లిపోయాడు.

ఎండాకాలం కోతలతో యాసంగి వడ్లు వచ్చాయి. మొదటి రోజు నేను అలవాటుగా ఆరింటికి ముందే మొహం కడుక్కుని ఫోను పక్కన కూర్చున్నాను. తెర మీద కాంటాలు ఒక్కొక్కటీ పచ్చగా మారాయి. చివ్వెంల ముగిసింది, త్రిపురారం ముగిసింది, మిర్యాలగూడ ముగిసింది. వడ్లు, బియ్యం, నూక, తౌడు, అన్నీ సరిగ్గా వచ్చాయి. కోదాడ కూడా పచ్చబడింది. అంత చక్కగా పనిచేస్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంది. చప్పుడు మాత్రం లేదు. కింద దుకాణం షట్టరు దించారు. నేను ఇంకా అక్కడే కూర్చున్నాను.

కొన్ని రోజులు ఓర్చుకున్నాను. అమావాస్య వచ్చింది, మర్నాడు వర్జ్యం పోయింది, పదిహేను కాంటాలు ఒకే నిమిషంలో లేచాయి. ఎక్కడో యంత్రాలు లేచి, పని చేసుకుని, మళ్లీ పడుకున్నాయి. ఒక్క బండి ఆగలేదు. సేటు మిఠాయి డబ్బా పంపాడు. ఆ డబ్బా పక్కన పెట్టుకుని ఎవరికి చెప్పాలా అని చూశాను. సాయంత్రం ఆరింటికి నేనే కోదాడకు ఫోను చేశాను.

వెనక లారీ హారన్లు. ఆవిడ గొంతు విని నాకు ఎంత సంతోషమైందో. ఆవిడ గొంతులో మాత్రం కంగారు.

"ఏమైంది మేడం గారూ? ఏమన్నా తప్పొచ్చిందా?"

"లేదు లేదు. అన్నీ సరిగ్గానే వచ్చినయి."

"బియ్యం టోటల్ తేడా వచ్చిందేమో అని భయపడ్డానండి."

"రాలేదు. అంతా బాగుంది."

"మరి?"

చదవడానికి అంకెలు లేవు. ఆరోజు నేను బీరకాయ వండాను, పాలు పోసి, ఆవిడ చెప్పినట్టే. ఆ మాట చెబుదామనుకున్నాను. మొదలుపెట్టడం ఎలాగో తెలియలేదు, పెళ్లి భోజనంలోలాగే. "ఊరికేనే" అన్నాను.

"అలాగా అండి" అంది. ఒక్క క్షణం ఆగింది, ఆవిడ కూడా ఏదో వెతుక్కుంటోందని నాకు తెలిసింది. తర్వాత, "లారీ లోడింగులో ఉందండి, పెట్టేయనా?" అంది.

పెట్టేయమన్నాను. మిర్యాలగూడకు చేయలేదు. తప్పొచ్చిందేమోనని కాకా కూడా కంగారుపడతాడు, ఆ వయసులో ఎందుకని.

రెండు వేల పద్నాలుగులో గది ఖాళీ చేసి హైదరాబాదుకు వచ్చేశాను. యంత్రాలను ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు, సూర్యాపేటలోనే కూర్చోనక్కర్లేదని సేటే అన్నాడు, నా మంచికే. నేను ఆ గదిలో ఉన్న ఆఖరి రెండేళ్లూ రోజూ ఆరింటికి తెర ముందు కూర్చున్నాను, ఎక్కడైనా ఒక్క కాంటా పచ్చగా మారకుండా ఉండిపోతుందేమోనని ఆశపడుతూ. ఆ వ్యవస్థ ఒక్కరోజు కూడా ఆగలేదు.